'పాకిన' క్యాన్సర్, 'లక్షిత' చికిత్స: వైద్య తెలుగులో అర్థనిర్ణయ సమస్య

విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరువగా, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నిర్వహణలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అటువంటి చోట రోగి సంతకం చేసే సమ్మతి పత్రంలో పదం తప్పితే నష్టం శైలికి కాదు, రోగికి.

రొమ్ము క్యాన్సర్ మెదడుకు చేరితే వాడుక భాష 'పాకింది' అంటుంది. దానినే కుదించి 'మెదడు క్యాన్సర్' అనడం శాస్త్రీయంగా కనిపించినా అర్థం చెడుతుంది. మెదడులో పెరుగుతున్నవి రొమ్ము క్యాన్సర్ కణాలే. వాటిపై హెర్2 ప్రోటీన్ అధికంగా ఉన్నదా లేదా అన్నదానిని బట్టి మందు నిర్ణయమవుతుంది. 'పాకు' ధాతువులో తీగ ఉంది, దానికొక మొదలు ఉంది. పారిభాషిక పదం పోగొట్టిన ఆ మొదటిని పామరుల క్రియ నిలుపుకొన్నది.

'లక్షిత చికిత్స' మరింత చిక్కైనది. లక్ష్యం అనగానే పాఠకునికి స్ఫురించేది ఒక చోటు. అయితే ట్రాస్టుజుమాబ్, 2020లో అమెరికాలో అనుమతి పొందిన టుకాటినిబ్ వంటి మందులు చోటును వెదకవు, కణంపై ఉన్న గుర్తును వెదకుతాయి. చోటును గురిపెట్టేది రేడియేషన్. అందులోనూ స్టీరియోటాక్టిక్ పద్ధతి కణితికే పరిమితమైతే, మెదడంతటికీ ఇచ్చే పద్ధతి జ్ఞాపకశక్తిని దెబ్బతీయవచ్చు. రక్తానికీ మెదడుకూ నడుమనున్న అవరోధాన్ని అన్ని మందులూ సమానంగా దాటలేవు; ట్రాస్టుజుమాబ్ వంటి పెద్ద అణువుకు అది మరీ కష్టం. కిరణాలకు ఆ అడ్డు లేదు. ఈ రెంటినీ జతచేయడంలోని తర్కం ఇదే. 'గుర్తు', 'చోటు' అనే రెండు తేలిక మాటలు చెప్పగల ఈ భేదాన్ని 'లక్షిత' అనే ఒక్క తత్సమం మరుగుపరుస్తున్నది.

రేడియేషన్‌ను జనం 'కరెంటు పెట్టడం' అంటారు. ఇక్కడ మాత్రం వాడుకను వెనకేసుకురావడం కుదరదు. శరీరంలోకి వెళ్లేది విద్యుత్తు కాదు, ఎక్స్ కిరణాలు. షాకు భయంతో చికిత్సకు వెనుదీసే వారికి ఆ మాట మేలు చేయదు.

అన్నిటికన్నా అశ్రద్ధకు గురైనది 'కలిపి' అనే అవ్యయం. ఒకేనాడా, ఒకదాని వెంట ఒకటా, మందు కొన్నాళ్లు ఆపియా? ట్రాస్టుజుమాబ్ ఎంటాన్సిన్ వంటి మందును స్టీరియోటాక్టిక్ రేడియేషన్‌కు దగ్గరగా ఇచ్చినప్పుడు మెదడు కణజాలం నశించే ముప్పు పెరగవచ్చునని వైద్యులు గుర్తించారు. కాలక్రమం తెలుపని 'కలిపి' ఆ ముప్పును కూడా దాచుతుంది. పదకోశాలు నామవాచకాల దగ్గరే ఆగిపోవడం వల్ల ఈ లోపం ఇంతవరకు చర్చకు రాలేదనిపిస్తుంది.