పుట్టీ కింద ఏముంది?

మా బంధువుల్లో ఎవరు ఇల్లు అమ్మాలనుకున్నా తాళంచెవులు ముందుగా నా దగ్గరికి వస్తాయి. డాలస్‌లో ఉంటున్న బావ నిజాంపేట ఫ్లాటు, బెంగుళూరులో స్థిరపడ్డ తమ్ముడి గుంటూరు ఇల్లు, ఆ మధ్య మా పిన్ని బెజవాడ ఇల్లు, అన్నీ అలా వచ్చినవే. నేను బ్రోకర్ని కాను, కమిషన్ అడగను. పార్టీ వచ్చే వేళకి ఇంటిని చూడదగ్గట్టు తయారుచేసి పెట్టడం వరకే నా పని. తాళాలు చేతిలో పెడుతూ అందరూ ఒకే మాట అంటారు. "ఏముంది, ఓసారి రంగులు వేయించేస్తే సరిపోతుందిగా!" సరిపోదు. ఈ పనిలో రంగు అన్నిటికంటే చివర.

మూసి ఉంచిన ఫ్లాటు తలుపు తీయగానే ముందు మురుగు కంపు పలకరిస్తుంది. చూడవచ్చినవాళ్లు "డ్రైనేజీ బాగాలేదు" అనుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. చాలాసార్లు పైపుల్లో ఏ లోపమూ ఉండదు. బాత్రూం నేలలో జాలీ కింద ఉండే వంపులో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. కింది వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. నెలల తరబడి ఎవరూ వాడకపోతే అవి ఆవిరైపోతాయి, కంపూ బొద్దింకలూ దారి చేసుకుంటాయి. అందుకే ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ప్రతి జాలీలో చెంబెడు నీళ్లు పోస్తాను. తర్వాత కిటికీలు బార్లా తీసి, బీరువాల్లోని కలరా ఉండలు ఏరిపారేస్తాను. ఆ ఘాటు తగిలితే ఇల్లు మూతపడి ఎన్నాళ్లయిందో వచ్చినవాళ్లు లెక్కేసుకుంటారు, ఆ లెక్క బేరంలోకి వస్తుంది. అగరొత్తులు మాత్రం వెలిగించను. గుప్పుమనే సువాసన కంపుకంటే ఎక్కువ అనుమానం పుట్టిస్తుంది.

దోమల జాలీలు ఊడదీసి కడిగితే గదిలోకి వచ్చే వెలుతురు ఎంత పెరుగుతుందో చేసి చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు. ఇక దీపాలు. బల్బు పోయినప్పుడల్లా దొరికిన రకం తెచ్చి బిగించడం మనకు అలవాటు. హాల్లో ఒక గోడకి 6,500 కెల్విన్ల తెల్ల ట్యూబు, ఎదురుగోడకి 3,000 కెల్విన్ల పసుపు బల్బు ఉంటాయి. రెండు రకాల వెలుగూ కలిసి పడితే నిన్న వేసిన సున్నం కూడా మాసినట్టే కనిపిస్తుంది. గదికి ఒకే రకం దీపాలు పెట్టిస్తే చాలు, కొన్నిసార్లు రంగు ఖర్చే తప్పిపోతుంది.

అమెరికాలో ఇదొక వృత్తి, హోమ్ స్టేజింగ్ అంటారు. సియాటిల్ ప్రాంతంలో ఇళ్లు అమ్మిపెట్టే బార్బ్ ష్వార్ట్జ్ అనే ఆవిడ 1972లో దీనికి శ్రీకారం చుట్టిందని చెబుతారు. ఆ పక్కనే బెల్‌వ్యూలో ఉంటున్న మా అక్క కూతురు ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఏజెంటు వాళ్ల సామాను సగం గోడౌనుకు పంపించి, అద్దె సోఫాలూ అద్దె బొమ్మలూ తెచ్చి అమర్చిందట. ఇల్లు అమ్ముడయ్యేదాకా ఇంగువ తాలింపు వేయొద్దని మరీ మరీ చెప్పిందట. "మా ఇంట్లో మేమే చుట్టాల్లా బతికాం పిన్నీ" అని నవ్వింది పిల్ల. అక్కడ ఆ పద్ధతికి అర్థముంది. ఫోటోలు చూసి మనసు పారేసుకునేది కొనేవాళ్లయితే, పునాదీ పైకప్పూ పరీక్షించడానికి డబ్బు తీసుకుని ఇన్‌స్పెక్టరు విడిగా వస్తాడు.

మన దగ్గర కొనేవాళ్ల కుటుంబమంతా ఇన్‌స్పెక్టర్లే. ఇల్లాలు వంటింట్లో కుళాయి తిప్పి ధార ఎంత లావుందో చూస్తుంది. మావగారు చేతికర్రతో టైల్సు మీద కొట్టి బోలు చప్పుడు వస్తుందేమోనని చెవి ఒగ్గుతారు. బావమరిది ఫోనులో దిక్సూచి తెరిచి ఈశాన్యం వెతుకుతాడు. కొనేవాయన మాత్రం గడప దాటకుండానే యూడీఎస్ (స్థలంలో ఫ్లాటుకి వచ్చే వాటా) ఎన్ని గజాలు, కారు పార్కింగు రిజిస్ట్రేషన్‌లో రాసి ఉందా అని ఆరా తీస్తాడు. వీళ్ల ముందు అద్దె సోఫా ఏం చేస్తుంది? వీళ్లకు కావలసింది అడ్డం లేకుండా చూడనివ్వడం. అందుకే నేను ట్యాంకు నింపిస్తాను, గీజరు వేసి ఉంచుతాను, మంచాలూ బీరువాలూ గోడకి జానెడు ఎడంగా జరిపిస్తాను. అటకలు ఖాళీ చేయించి మూలలు కనపడేలా పెడతాను. బిగుసుకుపోయిన తలుపులకి చిత్రిక పట్టిస్తాను. ఇల్లంతా తిప్పి చూపించాక, "మీరు చూస్తూ ఉండండి" అని చెప్పి నేను మెట్ల దగ్గరికి వెళ్లిపోతాను. అమ్మేవాళ్లు వెన్నంటే తిరుగుతుంటే మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. అలా మాట్లాడుకోనిదే ఏ ఇల్లూ అమ్ముడుపోదు.

వాస్తు జోలికి మాత్రం వెళ్లను. ఇంకా రాని పార్టీ కోసం గోడ పగలగొట్టించి గుమ్మం జరిపితే, వచ్చినాయన సిద్ధాంతి మళ్లీ పాతచోటే బాగుందంటాడు. ఉన్న దిక్కు ఉన్నట్టు చెబుతాను. నచ్చనివాళ్లు పది నిమిషాల్లో వెళ్లిపోతారు, ఇద్దరి సమయమూ మిగులుతుంది.

ఇవన్నీ చేతిపనులు. పనివాళ్లు దొరికితే వారంలో అయిపోతాయి. అసలు పరీక్ష మా పిన్ని ఇంటి దగ్గర ఎదురైంది.

పిన్నిది అజిత్‌సింగ్‌నగర్‌లో నేల మీది ఇల్లు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి బెజవాడలో ఆ వైపంతా మునిగినప్పుడు పిన్ని మేడ మీద పక్కింటివాళ్లతో రోజులు గడిపింది. నీళ్లు తీశాక బురద ఎత్తిపోశారు, మంచాలు పారేశారు, జీవితం మళ్లీ మొదలుపెట్టారు. ఆ మరుసటి వేసవికి పిన్ని, హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లిపోవాలని నిర్ణయించుకుని నాకు కబురు పెట్టింది.

మొదటి తగువు బాబాయి ఫోటో దగ్గర వచ్చింది. హాల్లో గుమ్మానికి ఎదురుగా నిలువెత్తు ఫోటో, దానికి గంధపు దండ. తీద్దామన్నాను.

"ఆయన కట్టించిన ఇల్లే ఇది. ఆయన్ని బీరువాలో పెట్టి ఇల్లు అమ్ముకోమంటావా?" అంది పిన్ని.

"బీరువాలో వద్దు పిన్నీ, దేవుడి గదిలో పెడదాం. ఎదురుగా ఉంటే వచ్చినవాళ్లు దణ్ణం పెట్టుకుని, నిన్ను పరామర్శించి వెళ్లిపోతారు. కుళాయి తిప్పి చూడ్డానికి కూడా చేతులు రావు వాళ్లకి."

పిన్ని కాసేపు ఆలోచించి తనే స్టూలు తెచ్చింది. మొహమాటపడ్డ మనిషి కాఫీ తాగి వెళ్తాడు గానీ ఇల్లు కొనడు.

రెండో తగువు పెయింటరుతో. హాలు గోడల మీద నడుమెత్తుకి కాస్త కిందుగా, ఇల్లంతా చుట్టి వచ్చిన గీత ఒకటి ఉంది. దాని కింద పొక్కులూ, తెల్లటి పొడీ, ఊడిపోయే పెచ్చులూ కనిపించాయి. పెయింటరు గోరుతో గీరి చూసి, ఎంతో ఆప్యాయంగా సలహా ఇచ్చాడు. "పుట్టీ రెండు చేతులు పట్టిచ్చి రంగేసేద్దామమ్మా. ఏడాది దాకా ఏమీ కనపడదు. అప్పటికి మీరుండరుగా!"

ఆ మనిషిది చెడ్డబుద్ధి కాదు. ఇల్లు అమ్మేవాళ్లు తన దగ్గర కోరుకునేది అదేనని అతని అనుభవం అతనికి నేర్పింది. గోడ విషయం వేరు. నీళ్లలో నానిన ఇటుక ఎండుతున్నప్పుడు, లోపలి ఉప్పు నీటితో పాటు పైకి వస్తుంది. నీళ్లు ఆవిరైపోయాక ఉప్పు మిగిలి పువ్వులా పూస్తుంది. ఆ దారికి పుట్టీనీ ప్లాస్టిక్ పెయింటునీ అడ్డం పెడితే లోపలి తడి బయటికి పోలేక వాటినే నెట్టేస్తుంది. పాతకాలపు సున్నపు గోడలు ఈ విషయంలో నయం, తడిని లోపల బంధించకుండా బయటికి వదిలేవి. పాలిథీన్ ముక్క ఒకటి తెచ్చి గోడకి నాలుగంచులా టేపు అంటించాం. రెండు రోజులయ్యాక చూస్తే గోడ వైపున ముత్యాల్లా నీటి చుక్కలు కనిపించాయి. అంటే తడి గాల్లోది కాదు, ఇంకా గోడలోనే ఉంది.

ఆ గీతకి అడుగు పైదాకా పాత ప్లాస్టరు కొట్టించి, ఇటుకలు బయటపెట్టి వదిలేశాం. బెజవాడ ఎండలకి ఒక ఉపయోగం దొరికింది. స్విచ్చిబోర్డులన్నీ భుజాల ఎత్తుకి మార్పించాం. గోడలు ఆరాయని పాలిథీన్ ముక్క ఒప్పుకున్నాకే మళ్లీ ప్లాస్టరు చేయించాం. బట్టబయలుగా ఉన్న గోడల ఫోటోలు తీసి, మేస్త్రీ బిల్లులతో కలిపి ఒక కవర్లో పెట్టాను.

రంగు మాత్రం అప్పుడూ వేయించలేదు. ముందున్నది ఆషాఢం. ఆ నెలలో మనవాళ్లు ఇల్లు చూడరు, టోకెను ఇవ్వరు. అమ్మేవాళ్లంతా దాన్ని వృథా నెలగా లెక్కేస్తారు. నా లెక్కలో అంతకంటే మంచి నెల లేదు. కొనేవాళ్లెవరూ రారు, వాన మాత్రం వస్తుంది. డాబా ఎక్కడ కారుతుందో, కిటికీ సజ్జా ఎటు వాలిందో, ఏ మూల చెమ్మ పడుతుందో అప్పుడే తెలుస్తుంది. తెలిసినదాన్ని బాగుచేయించుకోవడానికి శ్రావణం దాకా గడువుంటుంది. రెండు పెద్ద వానలు పడ్డాక కూడా కొత్త ప్లాస్టరు పొడిగానే ఉంటే అప్పుడు పెయింటర్ని పిలిపించాం.

ఈ పట్టుదలంతా నా చాదస్తమని పిన్ని కొడుకు ఫోనులో విసుక్కున్నాడు. చాదస్తం సంగతి ఎలా ఉన్నా, దీనికి చట్టం ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవారి బాధ్యతలు చెబుతూ మొట్టమొదట రాసింది ఇదే. ఆస్తిలో గానీ, దాని హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేనిదైతే, ఆ సంగతి చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసమేనని ఆ సెక్షన్ చివర విడిగా రాసి ఉంది. సింగ్‌నగర్ మునిగిందని ఊరంతటికీ తెలుసు. ఈ ఇంట్లోకి ఎంత ఎత్తున వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది, గోడలు ఎంత తాగాయి అనేది మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుసు. గీత కళ్లెదుట ఉన్నన్నాళ్లూ అది ఎవరైనా చూడగలిగిన లోపం. మీద పుట్టీ పట్టించిన క్షణం నుంచి అది మనం దాచిన లోపం అవుతుంది.

హక్కులో లోపం అన్నారు కాబట్టి, మన దగ్గర ముందు సర్దాల్సిన గది ఫైలే. లింకు డాక్యుమెంట్లు వరుసలో ఉన్నాయా, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం) తాజాగా తీశారా, ప్లాను అనుమతిలో ఉన్నంతే కట్టారా, ఇంటిపన్ను ఇప్పటి యజమాని పేరు మీద వస్తోందా అన్నవి గోడలకంటే ముందు చూడాలి. బ్యాంకు అప్పు తీరిపోతే సరిపోదు, తీరినట్టు కాగితం చేతిలో ఉండాలి. బాబాయి పోయాక పిల్లలిద్దరి సంతకాలూ కావాలని ముందే తెలిసింది గనక పిన్ని విషయంలో చివరి నిమిషపు పరుగులు తప్పాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు అమ్మేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. ఇక్కడ నివాసం ఉన్నవాళ్ల నుంచి 50 లక్షలు, ఆ పైన పెట్టి కొనేవారు 1 శాతం పన్ను మినహాయించి కడతారు. ఎన్నారైల విషయంలో ఆ కోత అంతకంటే బాగా ఎక్కువ. ఆ సంగతి అగ్రిమెంటు రోజున తెలిస్తే ఇరువైపులా ముఖాలు మారతాయి.

శ్రావణంలో వచ్చిన పార్టీ ఒకటి, భార్యాభర్తలిద్దరూ లెక్చరర్లు. అతను కూర్చోకముందే అడిగాడు. "ఇంట్లోకి నీళ్లు ఎంత వచ్చాయండీ?" పిన్ని లేచి నిలబడి నడుం కింద చెయ్యి పెట్టి చూపించింది. "ఇక్కడిదాకా. ఫోటోలున్నాయి, చూడండి." అతను కవరు తెరిచి ఒక్కో బిల్లూ చదివాడు. ఆవిడ మార్పించిన స్విచ్చిబోర్డుల్ని వేలితో తట్టి చూసింది. మళ్లీ వరదొస్తే ఏంటని అడిగితే, "వస్తుందో రాదో నేనెట్లా చెప్పను తల్లీ, వచ్చినప్పుడు మేము ఏం చేశామో చెబుతాను" అంది పిన్ని.

ధర తగ్గించమన్నారు, తగ్గించాం. వరద చూసిన పేటలో ఇది తప్పదని మాకూ తెలుసు. కానీ బేరం ఒక అంకె చుట్టూ నడిచి ఆ సాయంత్రమే ముగిసింది. తెలిసిన లోపానికి ఒక ధర ఉంటుంది. అనుమానానికి ధరంటూ ఉండదు, ఎంత తగ్గించినా ఇంకా తగ్గించమంటూనే ఉంటుంది. మీరు ఎంత బాగా దాచినా, బోలు టైలు మీద కర్ర తాటించే ఆ మావగారి చెవి అనుమానం దగ్గరే ఆగుతుంది.

ఇల్లు అమ్మకానికి పెట్టబోయేవాళ్లు నన్ను ఇప్పుడు రంగుల గురించి అడిగితే ఒక చిన్న పని చెబుతున్నాను. డబ్బా కొనే ముందు ఆ గోడ ఎదుట నిలబడి, "దీనికి రంగెందుకు వేయిస్తున్నారు?" అని కొనేవాళ్లు అడిగినట్టు ఊహించుకుని పైకే జవాబు చెప్పుకోండి. మాసిపోయిందనో, పిల్లలు గీతలు గీశారనో నోరు తడుముకోకుండా వస్తే నిశ్చింతగా పెయింటర్ని పిలవండి. జవాబు గొంతులో ఆగిపోతే పిలవాల్సింది మేస్త్రీని.