ఆనకట్టలూ, బిరుదులూ

విజయవాడవద్ద కృష్ణపై మొదటి ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో పూర్తియైనది. ఆ పనికి ప్రోద్బలము చేసినవారిలో ఒకరైన ఆర్థర్ కాటన్‌కు 1861లో ‘సర్’ బిరుదు లభించినది. గోదావరి సీమలో ఊరూరా ఆయన విగ్రహాలున్నవి. అది న్యాయమే. కాని కృష్ణ ఒడ్డున నిలిచి పని నడిపించిన కెప్టెన్ ఆర్ పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

1952లో ఆ ఆనకట్టకు గండి పడగా, 1957 నాటికి కొత్త బ్యారేజీ లేచినది. దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. పంతులుగారి త్యాగమును ఎవరూ కాదనరు. అయితే నీటి ఒత్తిడిని లెక్కకట్టిన ఇంజనీర్లకు ఆ పేరులో చోటు లేదు. ఎగువనున్న పులిచింతలకు మాత్రము కంకిపాడులో పుట్టిన ఇంజనీరు, 1963లో పద్మభూషణ్ పొందిన డాక్టర్ కె.ఎల్. రావుగారి పేరు పెట్టిరి. (పతకముకంటె ఇట్టి గుర్తింపే మేలని నా అభిప్రాయము.)

అయినను ఒక కొరత. మన పురస్కారాల చూపు సాధారణముగా కట్టినవారిమీదనే గాని కాపాడువారిమీద నిలువదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో కొట్టుకొనివచ్చిన పడవలు బ్యారేజీ గేట్లను ఢీకొన్నవి. గేట్లను తూకముగా నిలుపు బరువు దిమ్మెలు దెబ్బతినగా, కొద్దిరోజులలోనే వాటిని మార్చిరి. ఆ పనివారి పేర్లు, రాత్రింబవళ్ళు కాలువగట్లపై తిరుగు లస్కర్ల పేర్లు ఏ జాబితాలో వెదకవలెను?