కడుపు చెప్పు కబురు

మా పెద్దమ్మగారి కుమార్తె, నాకు అక్క, స్థూలకాయము తగ్గుటకై స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ యను శస్త్రచికిత్స చేయించుకొన్ననాడు, "కడుపు కోయించుకొననేల, నోరు కట్టుకొన్న చాలదా?" యని అనని బంధువు లేడు. ఏండ్ల తరబడి నోరు కట్టుకొనియే, తగ్గిన బరువు మరల వచ్చి చేరగా కుమిలిపోయిన ఆమెను దగ్గరగా నెరిగినవాడనగుటచే, ఆ మాట నాకు నేటికిని అన్యాయముగానే తోచుచున్నది.

వ్రణములకై జఠరములో కొంతభాగము తొలగింపబడిన రోగులు మరల బరువు పెరుగలేకుండుట గమనించి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు 1966లో బరువు తగ్గించుటకై గ్యాస్ట్రిక్ బైపాస్ అను శస్త్రచికిత్సా విధానమును ప్రారంభించెను. జఠరమను సంచి చిన్నదైన తిండి తగ్గుననుట నిజమే కాని, అది సగము నిజము. 1999లో జపాను శాస్త్రజ్ఞులు కోజిమా, కంగావాలు కనుగొన్న గ్రెలిన్ అను హార్మోను ముఖ్యముగా జఠరపు పైభాగమున పుట్టి, భోజనమునకు ముందు రక్తమున హెచ్చి, మెదడునకు ఆకలిని తెలుపును. కమింగ్స్ ప్రభృతులు 2002లో ప్రకటించిన పరిశోధనలో, పథ్యముచే బరువు తగ్గినవారి రక్తమున గ్రెలిన్ 24 శాతము పెరిగినట్లు తేలినది. అనగా నోరు కట్టుకొన్నవారికి ఆకలి తగ్గకపోగా మరింత పెరుగుచున్నది! దేహమే ఎదురు తిరిగినప్పుడు మనోబలమును నిందించుట ఏమి ధర్మము?

స్లీవ్ విధానమున జఠరములో ఇంచుమించు 75 నుండి 80 శాతము తొలగిపోవుటచే గ్రెలిన్ పుట్టుచోటు చాలవరకు పోవును. మిగిలిన సన్నని గొట్టమునుండి అన్నము శీఘ్రముగా చిన్నప్రేగును చేరుటచే, అచ్చటినుండి జీఎల్‌పీ-1, పీవైవై అను హార్మోనులు భోజనానంతరము మునుపటికంటె మెండుగా వెలువడి, ఇక చాలునను కబురును మెదడునకు చేర్చును. మారు వడ్డనకు చేయి అడ్డుపెట్టుట ఒకప్పుడు మా అక్కకు తపస్సు. ఇప్పుడు నాలుగు ముద్దలకే కలుగు తృప్తి ఆ పనిని సులభము చేసినది. తిన్న గంటకే వంటింటివైపు మనసు లాగుట మానినదని ఆమె చెప్పినప్పుడు, ఆ ముఖమున నేను చూచిన నెమ్మది ఇంతకు ముందెన్నడును చూడనిది.

శస్త్రము సర్వమును చేయదు. ఏండ్లు గడచిన కొలది కొందరికి ఆకలి కొంత తిరిగివచ్చును. బి12, ఇనుము మొదలగు వానికై మాత్రలును, రక్తపరీక్షలును జీవితాంతము తప్పవు. గ్రుడ్డో, పప్పో, పెరుగో ముందు తిని, ప్రతి ముద్దను మెత్తగా నమలి, భోజనముతో నీరు త్రాగక ఆమె నియమము పాటించుచున్నది. విందులలో కొసరి కొసరి వడ్డించు పెద్దలు ఆమె విస్తరిని విడిచిపెట్టిన మేలు. ఒక్క ముద్ద మీరినను ఆమెకు వాంతి యగును.