పడవలు ఎవరివి, మొక్కు ఎవరిది?

మాయా ప్రజలు ఎవరని మా తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగాం. "అంతరించిపోయిన జాతి సార్" అన్నాడొకడు. "2012ల లోకం మునుగుతదని చెప్పినోళ్ళు" అన్నది ఇంకో పిల్ల. తప్పు పిల్లలది కాదు, వాళ్ళ దాకా చేరిందే అది. మెక్సికోలో మాయా భాష మాట్లాడేవాళ్ళు ఈరోజుకూ ఏడు లక్షల పైనే ఉన్నారంటే నమ్మలేదు. అప్పుడే వాళ్ళతో కూర్చుని ష్కారెత్ పార్కు ప్రదర్శనల వీడియోలు చూశాం.

ష్కారెత్ మెక్సికోలోని కింతానా రో రాష్ట్రంలో, కరీబియన్ సముద్రం ఒడ్డున ఉంది. 1990లో తెరిచిన ప్రైవేటు పార్కు. భూమి లోపల పారే నదుల్లో ఈత, చిలుకలు, తాబేళ్ళు, వీటి నడుమ పోలే అనే పాత మాయా రేవు తాలూకు రాతి గుళ్ళు. 1972 నాటి చట్టం ప్రకారం అలాంటి శిథిలాలు ఆ దేశ ప్రజలందరి ఆస్తి. కానీ వాటి దగ్గరికి పోయే దారి కంపెనీ గేటు లోపల ఉంది.

సాయంత్రం జరిగే పెద్ద ప్రదర్శన బాగుంది. బాగాలేదంటే అబద్ధమవుతుంది. చేతులు తగలకుండా నడుముతో బరువైన రబ్బరు బంతిని కొట్టే ఆట చూసి పిల్లలు లేచి నిలబడ్డారు. మండుతున్న బంతిని కర్రలతో ఆడితే కేకలు పెట్టారు. తర్వాత స్పెయిన్ వాళ్ళు వస్తారు, పోరు జరుగుతుంది, శిలువ నిలబడుతుంది. ఆ వెంటనే రంగురంగుల పావడాలు, రాష్ట్రానికో నాట్యం. అందరూ కలిసిపోయారు, కథ అయిపోయింది.

మా అభ్యంతరం ఇక్కడే. అదే నేల మీద మాయా రైతులు 1847లో తిరగబడ్డారు. 1901 దాకా, అంటే యాభై ఏళ్ళకు పైగా పోరు సాగింది. చాన్ సాంతా క్రూజ్ అనే సొంత రాజధాని కట్టుకున్నారు. ఆ ఊరు ఇప్పటికీ అదే రాష్ట్రంలో ఉంది, పేరు మాత్రం మార్చారు. మేము చూసిన ప్రదర్శనలో ఆ యాభై ఏళ్ళకు ఒక్క నిమిషం కూడా దొరకలేదు. ఓడిపోయిన ఆదివాసీని చూపించవచ్చు, ఆడే ఆదివాసీని చూపించవచ్చు. తిరగబడ్డవాడిని చూపిస్తే టికెట్టు కొన్నవాళ్ళకు సాయంత్రం పాడవుతుందేమో! ఇంద్రవెల్లి దగ్గర పుట్టి పెరిగిన మాకు ఈ లెక్క కొత్తది కాదు.

ఇంకొకటి, పడవల యాత్ర. పూర్వం మాయా వాళ్ళు పోలే రేవు నుంచి పడవల్లో కొసుమెల్ దీవికి పోయి ఇష్‌చెల్ అమ్మవారికి మొక్కేవారు. ఆ యాత్రను 2007 నుంచి పార్కు మళ్ళీ జరిపిస్తోంది. తెడ్లు వేసేవాళ్ళు నెలల తరబడి సాధన చేస్తారు, నిజమైన సముద్రాన్నే దాటుతారు. ఆ కష్టాన్ని తక్కువ చేయం. ఆగిపోయిన యాత్ర మళ్ళీ కళ్ళబడటం చిన్న సంగతి కాదని మాలో ఒక టీచర్ వాదించారు. ఆ మాటా నిజమే.

అయినా కేస్లాపూర్ నాగోబా గుర్తొచ్చాడు. పుష్యమాసంలో మెస్రం వంశం వాళ్ళు గోదావరి దాకా కాలినడకన పోయి జలం తెస్తారు. ఎవరు నడవాలి, కలశం ఎవరు మోయాలి, కొత్త కోడళ్ళ భేటింగ్ ఎప్పుడు, అన్నీ వాళ్ళే కూర్చుని తేల్చుకుంటారు. రేపు ఒక హోటల్ కంపెనీ మంచి బట్టలు కట్టించి, లైట్లు పెట్టి వేరేవాళ్ళతో ఆ నడక నడిపిస్తే, మన కాలిబాటే అయినా అది మన మొక్కేనా?

ఆదివాసీ, ఆఫ్రో-మెక్సికన్ సమాజాల సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడటానికి మెక్సికో 2022లో ఒక చట్టం తెచ్చింది. వాళ్ళ సంస్కృతిని వ్యాపారానికి వాడాలంటే ముందు ఆ సమాజాన్ని అడగాలి. ఇది పిల్లలకు చెప్పాం. గట్టిగా చప్పట్లు కొడతారనుకున్నాం, కొట్టలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచి అడిగింది: "సార్, ఆ పార్కుల పనిచేసే మాయా వాళ్ళకు వాళ్ళ పండుగ రోజు సెలవు ఇస్తరా?"