స్వప్నవిచారము - కావ్యావతారికలు

శ్రీకాకుళమున హరివాసరమునాఁడు ఆంధ్రవిష్ణువు కలలోఁ గనఁబడి తెలుఁగుకృతి నడిగెనని ఆముక్తమాల్యద యవతారికలో రాయలు చెప్పుకొన్నాఁడు. ఆ విష్ణువు రాయల యంతరంగమున నణఁగియున్న కవియశఃకాంక్షయే యని శాలిబండలో జరిగిన యొక గోష్ఠియందు యువవిమర్శకుఁ డొకఁడు ఫ్రాయిడు మతము ననుసరించి వాదించెను. వాదము చతురమే. కాని ఫ్రాయిడే దాని నంగీకరింపఁడు.

1900 సంవత్సరాంకముతో వెలువడిన స్వప్నగ్రంథమున ఆయన పద్ధతి యిది: కలను శకలములుగా విడఁదీసి, ఒక్కొక్క దానివలన రోగి కేమి స్ఫురించునో యడిగి, అతని నోట వచ్చినదానినే యాధారముగాఁ గొనుట. వైయాకరణులు కారకములను వక్తృవివక్షచే నిర్ణయించుట వంటిదే యిదియు. కొన్ని ప్రతీకలకు స్థిరార్థములను గూడ ఆయన యొప్పుకొనెను. ఆ మతమున నది దుర్బలభాగమని నా తలంపు. రాయల నిప్పు డడుగఁగలవా రెవ్వరు?

చరకసంహిత యింద్రియస్థానమున స్వప్నము లేడు విధములు: దృష్టము, శ్రుతము, అనుభూతము, ప్రార్థితము, కల్పితము, భావికము, దోషజము. మొదటి యైదును నిష్ఫలములని వైద్యుఁడు చెప్పవలెనఁట. ఫల మనఁగా నచట భావిశుభాశుభసూచనము; ఆ యర్థమున నా మాట సరియే. అయినను చరకుఁడు త్రోసిపుచ్చిన యా యైదింటనే నేఁటి మానసికవైద్యుఁడు పని మొదలుపెట్టును. ప్రార్థితము ఫ్రాయిడుని యిచ్ఛాపూర్తికి దగ్గఱి చుట్టము.

తండ్రిగారు గతించిన యేఁడు, ధాతుపాఠము నప్పగించుచు నిద్రార్థకమగు ఞిష్వప్ ధాతువుకడ నాగిపోయినట్లు పలుమాఱు కలఁ గంటిని. స్వప్నఫలములు చెప్పువారు విద్యాహాని యనిరి. పిమ్మట నేను చూపించుకొన్న మానసికవైద్యుఁడు ఫల మేమియుఁ జెప్పలేదు. ఆ ధాతువు నాకు నేర్పిన దెవ్వరని మాత్ర మడిగెను. నేర్పినది తండ్రిగారే. ఆయన కడపటి రాత్రి ప్రక్కనుండియు నేను నిద్రపోయితిని. అంతకుముం దీమాట నెవ్వరితోను అనలేదు. కల మఱి రెండుసారులు వచ్చి మానినది.

1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు నిద్రలోఁ గనుగ్రుడ్లు వడిగాఁ గదలు దశను వెల్లడించిరి. 1977లో హాబ్సన్, మెకార్లీ యనువారు మెదడుకాండపుఁ బ్రేరణలనుండి కల పుట్టుచున్నదనిరి. ఇవి స్వప్నోత్పత్తిని గూర్చిన మాటలు. కన్నవాఁడు కలను జెప్పుకొనుటవలనఁ గలుగు ప్రయోజనము వేఱు. దాని నివి ఖండింపవు.

తిక్కన స్వప్నమునఁ దండ్రి కొమ్మన తోఁచెనని విరాటపర్వావతారిక. దానిని పితృఋణభావమని యా యువకుఁడు వ్యాఖ్యానించినప్పుడు మాత్రము నేను ప్రత్యుత్తర మీయలేదు.