పన్నెండు అంశాల పనితనం

రాజకీయ ఒప్పందాలను మనం ఫలితాన్ని బట్టి మెచ్చుకుంటాం, లేదంటే తిట్టుకుంటాం. వాటిని ఎలా రాశారో కూర్చుని చూసే అలవాటు తక్కువ. 2005 నవంబర్ 22న వెలువడిన నేపాల్ పన్నెండు అంశాల అవగాహన మాత్రం రాతపనిగా చదవదగ్గది. పదేళ్లుగా తుపాకీ పట్టిన మావోయిస్టులు ఒకవైపు, అధికారంలో ఉండగా వాళ్ల మీదికి పోలీసులను పంపిన పార్టీలున్న ఏడు పార్టీల కూటమి మరోవైపు. ఢిల్లీలో కూర్చుని ఈ చిన్న పత్రానికి రూపం ఇచ్చారు. రెండున్నరేళ్లు తిరిగేసరికి 240 ఏళ్ల షా వంశ పాలన ముగిసింది.

ఈ పనిలో ఒక తెలుగువాడి పాత్ర కూడా ఉంది. ఆయన సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి. పత్రంలో ఎక్కడా ఆయన పేరు కనపడదు, కనపడకూడదు కూడా. పొరుగుదేశపు ఒప్పందంలో ఇండియా నాయకుడి సంతకం ఉంటే ఖాట్మండులో అది ఒక్క రోజు కూడా నిలిచేది కాదు.

దక్షిణ ఢిల్లీలో నెల్సన్ మండేలా మార్గ్‌కు ఒకవైపు వసంత్ కుంజ్ మాల్స్, మరోవైపు జేఎన్‌యూ. ఏచూరి చివరి నివాసం వసంత్ కుంజ్‌లోనే. 2024 సెప్టెంబర్‌లో ఆయన కన్నుమూసినప్పుడు భౌతికకాయాన్ని ముందు జేఎన్‌యూకు, అక్కడి నుంచి ఈ ఇంటికి తీసుకొచ్చారు. హైదరాబాద్‌లో చదువుకుంటూ 1969 తెలంగాణ ఉద్యమ కాలంలో ఢిల్లీ చేరిన కుర్రాడు, ఎమర్జెన్సీ తర్వాత అదే జేఎన్‌యూలో మూడుసార్లు విద్యార్థి సంఘం అధ్యక్షుడయ్యాడు. నేపాల్ మావోయిస్టుల సిద్ధాంతకర్త బాబూరాం భట్టరాయ్ పీహెచ్‌డీ పట్టా కూడా ఇక్కడిదే. నేపాల్ వెనుకబాటుతనం మీద ఆయన చేసిన పరిశోధనకు 1986లో ఆ పట్టా వచ్చింది. చర్చలు ఈ రోడ్డు మీదే జరిగాయని చెప్పడం లేదు. ఒకరి భాష ఒకరికి అర్థమయ్యే మనుషులు మాత్రం ఇక్కడ తయారయ్యారు.

2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర ప్రభుత్వాన్ని రద్దు చేసి పగ్గాలు తన చేతిలోకి తీసుకున్నాడు. నాయకులు గృహనిర్బంధంలో పడ్డారు, ఫోన్లు మూగబోయాయి. అదే ఏడాది చున్‌వాంగ్ అనే పల్లెలో సమావేశమైన మావోయిస్టులు బహుళపార్టీ పోటీకి సిద్ధమని తీర్మానించుకున్నారు. అప్పటికి భారత ప్రభుత్వ అధికారిక విధానం రాజ్యాంగబద్ధ రాచరికం, బహుళపార్టీ ప్రజాస్వామ్యం అనే రెండు స్తంభాలు. నేపాల్ మావోయిస్టు నాయకుడు సి.పి. గజురేల్ చెన్నైలో పట్టుబడి మన జైల్లోనే ఉన్నాడు. అలాంటి సమయంలో అదే పార్టీ నాయకులతో ఢిల్లీలో మాట నడిపించాలంటే, ప్రభుత్వానికి చెప్పగలిగినవాళ్లు, అవతలివాళ్లు నమ్మేవాళ్లు కావాలి. యూపీఏకి బయటి నుంచి మద్దతిస్తున్న వామపక్షాల తరఫున ఏచూరి ఆ స్థానంలో నిలబడ్డారు.

ఇక పత్రంలోకి వద్దాం. మొదటి అంశంలోనే రచయితల నేర్పు తెలుస్తుంది. ప్రజాస్వామ్యానికీ శాంతికీ ప్రధాన అడ్డంకిగా చూపింది ‘నిరంకుశ రాచరికాన్ని’. మావోయిస్టులకు కావలసింది గణతంత్రం. గిరిజా ప్రసాద్ కోయిరాలా నడిపే నేపాలీ కాంగ్రెస్‌లో, అలంకారంగానైనా రాజు ఉండాలనేవాళ్లు అప్పటికి ఇంకా ఉన్నారు. ‘రాచరికం పోవాలి’ అని రాస్తే కాంగ్రెస్ లేచిపోతుంది, ‘రాజ్యాంగబద్ధ రాచరికం’ అని రాస్తే మావోయిస్టులు లేచిపోతారు. ఆ ఒక్క విశేషణంతో ఇద్దరూ కూర్చున్నారు. ఎవరి చోటు నుంచి వాళ్లు రాజు మీద దాడిని కేంద్రీకరించాలని కూడా అదే అంశం చెప్పింది. జెండాలు కలపమని అడగలేదు, గురి కలపమని అడిగింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది రెండో అంశం. రాజ్యాంగ సభ ఎన్నికలు జరగాలన్నది ఇద్దరి కోరికా. అక్కడికి వెళ్లే దారి దగ్గర మాత్రం పొసగలేదు. రద్దయిన పార్లమెంటును పునరుద్ధరించి, అఖిలపక్ష ప్రభుత్వం ఏర్పరచి, దాని ద్వారా ఎన్నికలకు వెళ్దామన్నది ఏడు పార్టీల మాట. ప్రజాస్వామిక శక్తుల జాతీయ సదస్సు పెట్టి, మధ్యంతర ప్రభుత్వం ఏర్పరచి వెళ్దామన్నది మావోయిస్టుల మాట. మామూలుగా ఇలాంటి చోట రెండిటినీ కలిపి, ఎవరికీ అర్థంకాని ఒక వాక్యం అల్లేస్తారు. ఇక్కడ ఆ పని చేయలేదు. పార్టీల దారి ఇది, మావోయిస్టుల దారి ఇది అని రెండూ ఒకే అంశంలో పక్కపక్కన రాశారు, దీని మీద మాట్లాడుకుంటూనే ఉంటామని చేర్చారు. మంచి వడ్రంగి తలుపు బిగించేటప్పుడు వానాకాలంలో చెక్క ఉబ్బడానికి సందు వదులుతాడు. వీళ్లు వదిలింది అలాంటి సందే. ఐదు నెలలకు, 2006 ఏప్రిల్‌లో 19 రోజుల జనాందోళన తర్వాత రాజు పార్లమెంటును పునరుద్ధరించాడు. పార్టీల దారి గెలిచింది. మావోయిస్టులు రుసరుసలాడినా ఒప్పందం తెగలేదు, ఎందుకంటే ఆ దారి కూడా పత్రంలో ముందే రాసి ఉంది.

మూడో అంశంలో వాక్యం కట్టిన తీరు చూడాలి. ఎన్నికల వేళ మావోయిస్టు సాయుధ దళాలనూ రాజ సైన్యాన్నీ ఐక్యరాజ్యసమితి లేదా నమ్మదగిన అంతర్జాతీయ పర్యవేక్షణ కిందికి తేవాలన్నారు. ఒకే వాక్యం, రెండు సైన్యాలు. ‘లొంగుబాటు’ అన్న వాసన ఎక్కడా తగలదు. ఆ వాక్యం తర్వాత ఇనుప కంటైనర్లుగా మారింది. ఏడు ప్రధాన శిబిరాల్లో మావోయిస్టు ఆయుధాలను కంటైనర్లలో పెట్టారు. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉంచారు, కెమెరా, సైరన్ సమితి పర్యవేక్షణలో ఉంచారు. అన్నే ఆయుధాలను నేపాల్ సైన్యం కూడా అదే పద్ధతిలో భద్రపరచింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నది చిన్న సంగతి కాదు. నమ్మకం లేని ఇద్దరి మధ్య మానం నిలిపింది అదే.

ఆరు, ఏడు అంశాలను కలిపి చదవాలి. గతంలో చేసిన తప్పులపై ఆత్మవిమర్శ చేసుకుంటున్నామని ఆరో అంశంలో మావోయిస్టులు చెబితే, పార్లమెంటులో, ప్రభుత్వంలో ఉన్నప్పుడు తాము చేసిన తప్పుల గురించి ఏడో అంశంలో పార్టీలు అదే మాట అన్నాయి. ఎవరి తప్పు పెద్దదన్న కొలత వేయలేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ హైదరాబాద్ గుర్తుకు రాకమానదు. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివారి ఏళ్ల తరబడి కృషి ఫలితంగా 2004 అక్టోబర్ 15 నుంచి 18 వరకు రాష్ట్ర ప్రభుత్వం, నక్సలైట్ పార్టీల ప్రతినిధులు ముఖాముఖి కూర్చున్నారు. దళాలు ఆయుధాలతో ఊళ్లలో తిరగడం దగ్గర చిక్కు పడింది, 2005 జనవరికల్లా చర్చలు ముగిశాయి. రెండిటినీ ఒకే గాటన కట్టలేం. నేపాల్‌లో ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థిగా రాజు ఉన్నాడు, ఇక్కడ ఎదుట ఉన్నది ఎన్నికైన ప్రభుత్వం. అయినా ఆయుధాల ప్రశ్నకు రెండు వైపులనూ ఒకే వాక్యంలో కట్టిపడేసే రాత మన దగ్గర పుట్టలేదన్నది నిజం.

ఆ పత్రం వేసిన దారిలో వచ్చిన మార్పులు కాగితం మీద ఆగిపోలేదు. 2006 నవంబర్‌లో సమగ్ర శాంతి ఒప్పందం, 2008లో 601 మంది రాజ్యాంగ సభ, అందులో 197 మంది మహిళలు, మే 28న గణతంత్రం. 2015 రాజ్యాంగం తర్వాత, 2017లో ఇరవై ఏళ్ల విరామం దాటి స్థానిక ఎన్నికలు జరిగాయి. ప్రతి వార్డు కమిటీలో ఐదుగురు, వారిలో ఇద్దరు మహిళలు, ఆ ఇద్దరిలో ఒకరు దళిత మహిళ కావాలన్నది నియమం. అలా ఆరువేలకు పైగా దళిత మహిళలు వార్డు సభ్యులయ్యారు. అంటరానితనం బలంగా ఉన్న కొండ పల్లెల్లో నీళ్ల పైపు ఎటు వేయాలో తేల్చే చోట వాళ్లు కూర్చున్నారు.

పనితనం మెచ్చుకున్నంత మాత్రాన లోపం దాచనక్కర్లేదు. వర్గం, కులం, లింగం, ప్రాంతం అన్న సమస్యలకు రాజ్య పునర్నిర్మాణమే పరిష్కారమని ఉపోద్ఘాతం ఒక్క వరుసలో చెప్పేసింది. ఆ వరుసలో ఉన్నవాళ్లు బల్ల దగ్గర లేరు. 2007 జనవరిలో దక్షిణ మైదాన ప్రాంతమైన మధేస్ భగ్గుమనడానికి ఒక కారణం అదే. నిర్వాసితుల ఇళ్లూ భూములూ తిరిగివ్వాలన్న ఐదో అంశం, గత ఘటనలపై విచారణ జరపాలన్న పన్నెండో అంశం ఎక్కడివక్కడే ఉన్నాయి. 13 వేల మందికి పైగా చనిపోయిన యుద్ధం అది. 2015లో ఏర్పడిన సత్య నిరూపణ కమిషన్‌కు 60 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి, న్యాయం మాత్రం అందలేదు. ఆ కమిషన్ చట్టాన్ని సవరించడానికే 2024 ఆగస్టు దాకా పట్టింది. పెద్ద నాయకుల మధ్య సర్దుబాటును అంత నేర్పుగా రాసిన చేతులు, బాధితుల దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాయి.

2025 సెప్టెంబర్‌లో నేపాల్ యువత వీధుల్లోకి వచ్చింది. ప్రభుత్వ సచివాలయం సింహదర్బార్ తగలబడింది, ప్రధాని ఓలీ ప్రభుత్వం కూలింది. వారం తిరగకముందే సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయ్యారు, ఎన్నికలకు తేదీ ప్రకటించారు. నాయకుల మీద కోపం ఎంత మండినా, తేల్చాల్సింది ఓటుతోనే అన్న మాట దగ్గర ఆ దేశం ఆగింది. పన్నెండు అంశాలు వేసిన పునాది అదే, అది నిలిచింది.

యూనియన్ చర్చలైనా, నదీజలాల పంచాయితీ అయినా, ఎదుటివాడితో బల్ల దగ్గర కూర్చోబోయేవాళ్లు ముందు రాత్రి ఆ రెండో అంశం ఒకసారి చదవండి. విభేదాన్ని కప్పిపుచ్చకుండా రాసుకుని కూడా చేతులు కలపవచ్చని అందులో ఉంది.