పత్రిక నడపడం కూడా రచనే

"ముందు ఉద్యోగంలో కుదురుకో, రాతలు తర్వాత" అంటారు ఇంట్లో పెద్దలు. "పత్రికా ఉద్యోగంలో చేరితే కలం తాకట్టు పెట్టినట్టే" అంటారు సాహిత్య సభల్లో కొందరు. పైకి ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడినట్టు కనిపిస్తాయి. నిజానికి రెండింటి పునాదీ ఒకటే: జీవిక ఒకచోట, సృజన మరొకచోట అనే విభజన. పత్రికల్లో, రేడియోలో, టీవీలో, ప్రచార సంస్థల్లో బతుకుదెరువు వెతుక్కుంటూ, తమదంటూ ఏదైనా చేయాలనుకునే ఇరవై ఏళ్ల యువతీయువకులకు ఈ విభజన చేసే హాని తక్కువది కాదు. ఓరుగల్లు చుట్టుపక్కల నేలమీద పుట్టిన మూడు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే దాని డొల్లతనం బయటపడుతుంది.

షోయబుల్లాఖాన్ 1920లో, నాటి మహబూబాబాద్ తాలూకా సుబ్రవేడులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి 'తేజ్' అనే ఉర్దూ పత్రికలో చేరాడు. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్'లో పనిచేశాడు. నిజాం ప్రభుత్వం 'రయ్యత్'ను నిషేధించాక, 1947 నవంబరు 15న 'ఇమ్రోజ్' దినపత్రిక ప్రారంభించాడు. అప్పటికి ఆయన వయసు 27. ఇమ్రోజ్ అంటే 'ఈరోజు'. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ అందులో రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆయనను నరికి చంపారు. ఈ మరణం గురించి మనం చాలా చెప్పుకున్నాం, చెప్పుకోవలసిందే. కాని 'ఇమ్రోజ్' ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు రెండు పత్రికల్లో చేసిన ఉద్యోగమే దానికి పాఠశాల. వార్తను ఎంచడం, సంపాదకీయాన్ని బిగించడం, రోజు తప్పకుండా పత్రిక తేవడం కొలువులో ఒంటబట్టే విద్యలు.

మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరుకు చెందిన దాశరథి కృష్ణమాచార్యది వేరే దారి. 1948లో నిజామాబాదు జైలు గోడలమీద బొగ్గుతో పద్యాలు రాసేనాటికి ఆయన వయసు ఇరవై మూడు దాటలేదు. 'అగ్నిధార' 1949లో వచ్చింది. తర్వాతి కాలంలో ఉపాధ్యాయుడిగా, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా, ఆకాశవాణి ప్రయోక్తగా ఉద్యోగాలు చేశాడు. రచన ఆగలేదు. 'తిమిరంతో సమరం' సంపుటికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఉద్యోగం కవిని చంపుతుందనే సూత్రం ఇక్కడ నిలవదు. 1977లో ఆయన స్వీకరించిన ఆస్థానకవి పదవిని చర్చించవలసిందే. అయితే ఆ చర్చ రేడియో జీతం దగ్గర మొదలుకాకూడదు. రేడియోకు వెళ్లేనాటికే ఆ గొంతు తయారైవుంది. ఆకాశవాణి ఆయనకు శ్రోతలను ఇచ్చింది, గొంతును ఇవ్వలేదు. చిన్న వయసులోనే ఏదో ఒకటి మొదలుపెట్టాలనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

మూడోది చినపెండ్యాలలో పుట్టిన వరవరరావు అనుభవం. ఆ ఊరు ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఆయన తెలుగు ఎం.ఏ. చదివి, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ప్రచార విభాగమైన డి.ఎ.వి.పి.లో ప్రచురణ సహాయకుడిగా కొంతకాలం పనిచేశాడు. దాన్ని వదిలి అధ్యాపక వృత్తికి వచ్చాడు. 1966 నవంబరులో, 26 ఏళ్ల వయసులో, సాహితీమిత్రులతో కలిసి 'సృజన' త్రైమాసికం తెచ్చాడు. తొలి కవితా సంపుటి 'చలినెగళ్లు' 1968లో వచ్చింది. ఈ వరుసను గమనించాలి. తన పుస్తకానికి ముందే పదిమంది రాతలకు చోటు కల్పించాడు. 1970లో మాసపత్రికగా మారిన 'సృజన' 1992 వరకు నడిచింది. ఆయన జైల్లో ఉన్న కాలంలో సంపాదకత్వ బాధ్యతను సహచరి హేమలత మోసింది. ఒక్క మనిషి భుజాలమీదే నిలబడిన పత్రిక అయివుంటే మొదటి అరెస్టుతోనే ఆగిపోయేది.

మన విమర్శ ఈ మూడు చోట్లా త్యాగాన్ని చూసింది, పనిని చూడలేదు. చందాలు ఎవరు వసూలు చేశారు? ప్రూఫులు ఎవరు దిద్దారు? కాగితం అప్పు ఎవరు తీర్చారు? కట్టలు కట్టి పోస్టాఫీసుకు మోసినవాళ్లెవరు? శ్రమే విలువకు మూలమని చెప్పే మనం, పత్రిక వెనకాల ఉన్న శ్రమను సాహిత్య చరిత్రలో చేర్చుకోలేదు. దీనివల్ల రెండు నష్టాలు. ఆ పని చేసినవాళ్లు, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లు, చరిత్రకెక్కలేదు. కొత్తగా వచ్చేవాళ్లకేమో సృజన అంటే ప్రాణత్యాగం లేదా పేరు ప్రఖ్యాతులు, మధ్యలో ఇంకేమీ లేదనిపిస్తుంది. ఒకటి భయపెడుతుంది, ఇంకొకటి ఆశపెడుతుంది. రెండూ పని నేర్పవు.

ఈ మాటలు నేను భూపాలపల్లి యువకులను దృష్టిలో పెట్టుకుని అంటున్నాను. సింగరేణి బొగ్గు గనులూ, చెల్పూరు థర్మల్ విద్యుత్ కేంద్రమూ ఉన్న జిల్లా అది. అక్కడి పిల్లలు సెల్‌ఫోనుతో చిన్న సినిమాలు తీస్తున్నారు. హైదరాబాదు వెళ్లి టీవీ ఛానళ్లలో, ప్రకటనల కంపెనీల్లో పని వెతుక్కుంటున్నారు. 1966లో పత్రిక తేవాలంటే సీసపు అక్షరాలు పేర్చే ప్రెస్సు కావాలి. వీళ్లకు ఆ ఇబ్బంది లేదు. కాని నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం సినిమా హాస్యానికి నకళ్లే. షిఫ్టు దిగివచ్చిన తండ్రి వాటిలో లేడు, ఓపెన్‌కాస్టు కింద పోయిన పొలం లేదు. దీన్ని అభిరుచి లోపమని కొట్టిపారేయడం తేలిక. ఎంతమంది చూశారన్న లెక్కే కొలమానమైనచోట, ఆ లెక్కను పెంచే వస్తువే ఎంపికవుతుంది. ఇది మార్కెట్ చేసే సంపాదకత్వం. పత్రిక యజమాని అయితే ఎదురుగా కూర్చుంటాడు, ఆయనతో పోట్లాడవచ్చు. ఈ సంపాదకుడు కంటికి కనిపించడు. అందువల్ల తమదైన సంపాదకవర్గం అవసరం ఈ తరానికే ఎక్కువ.

కనుక యువమిత్రులకు చెప్పవలసింది ఉద్యోగం మానుకోమని కాదు, కుదురుకునేదాకా ఆగమనీ కాదు. ఉద్యోగంలో చేతిపని నేర్చుకోండి. ఆ కాలంలోనే నలుగురు కలిసి లిఖిత పత్రికైనా, నెలకొక చిన్న సినిమా అయినా మొదలుపెట్టండి. అది ఎవరికోసమో ముందు తేల్చుకోండి. ఖర్చు రాసిపెట్టండి. పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ వేయండి. మూడో సంచికకు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మొదటి సంచికనాడే మాట్లాడుకోండి.

విమర్శకుల బాధ్యత కూడా ఇక్కడే ఉంది. అచ్చయిన పుస్తకం చేతికొచ్చేదాకా ఆగి సమీక్ష రాసే విమర్శ, రచయిత తయారయ్యే కాలాన్ని మొత్తంగా వదిలేస్తుంది. ఆ నలుగురు తెచ్చిన మొదటి సంచికను చదివి, తప్పొప్పులు చెప్పి, చందా కట్టడం దగ్గర మన పని మొదలుకావాలి.